నేల పైవాడు, నేల క్రిందివాడు

పొలము కొన్నవాడు దాని అడుగున నున్నదంతయు తనదేనని తలంచును. అమెరికా దేశమందలి నార్త్ డకోటా రాష్ట్రములో అనేకులకు అట్లు లేదు. అక్కడ నేల ఒకనిది, దాని క్రింది ఖనిజము వేరొకనిది కావచ్చును. 1916 నాటి చట్టము చొప్పున పశుపోషణ నిమిత్తము భూములిచ్చినప్పుడు ప్రభుత్వము ఖనిజములను తనకే ఉంచుకొనెను. మరికొందరు పొలము అమ్మి, ఖనిజపు హక్కును మాత్రము తమ సంతతికి నిలుపుకొనిరి.

చాలకాలము దీనివలన పెద్ద చిక్కు రాలేదు. అయితే 2006 తరువాత బాకెన్ అను రాతిపొరనుండి చమురు విస్తారముగా తీయసాగిరి. సుమారు 2 మైళ్ల లోతుకు రంధ్రము దింపి, అక్కడ దానిని అడ్డముగా త్రిప్పి, నీటిని, ఇసుకను, రసాయనములను మిక్కుటమైన ఒత్తిడితో పంపి రాతిని చీల్చుదురు. 2014లో ఆ రాష్ట్రమందు దినమునకు 10 లక్షల పీపాలకు పైగా చమురు వచ్చెను. 2008 నాటి ఆర్థికమాంద్యములో పని పోగొట్టుకొన్నవారు ఎందరో అక్కడికి వచ్చి తమ పిల్లలను పోషించుకొనిరి. ఇది చిన్న మేలు కాదు. విల్లిస్టన్ పట్టణములో పెరిగిన అద్దెలకు తాళలేక వృద్ధులు ఇండ్లు విడిచిన మాటయు నిజమే.

చమురుతో కూడ సముద్రపు నీటికంటె ఎంతో ఉప్పనైన నీరు పైకి వచ్చును. అది పారిన నేల ఏండ్ల తరబడి పైరు నియ్యదు. విల్లిస్టన్ సమీపమున అట్టి నీరు మోయు గొట్టమొకటి 2014 ఆగస్టు మొదలు 2015 జనవరి వరకు కారుచునే యుండెను. 2.9 కోట్ల గ్యాలన్లు! అది బ్లాక్‌టెయిల్ వాగులో పడి మిస్సోరి నదివరకు పోయెను. 2021లో ఆ కంపెనీ నేరము ఒప్పుకొని 3.5 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను.

ఖనిజపు హక్కు లేని రైతుకు చమురులో పాలు లేదు. పరిహారము ఇయ్యవలెనని అక్కడి చట్టము చెప్పును గాని, వద్దనుటకు అతనికి అధికారము లేదు. నాబోతు ద్రాక్షతోట సంగతి మనమెరుగుదుము. ఆహాబు ఎంత దుర్మార్గుడైనను, నాబోతు ఇయ్యనని చెప్పగలిగెను. ఆ మాట నోరు మూయించుటకు అబద్ధసాక్షులు కావలసివచ్చిరి. ఇక్కడ పాత దస్తావేజు చాలును.

చట్టప్రకారము తనదైనదానిని తీసికొనుట దొంగతనము కాదని అందురు. ఒప్పుకొందము. అయినను పొరుగువాని బావినీటిని అపాయములో పెట్టు హక్కు ఆ దస్తావేజులో ఎక్కడ వ్రాయబడినది? ఖనిజపు సొంతదారుడు వేయి మైళ్ల దూరమున కాపురముండి, ఆ పొలమును ఎన్నడును చూడకపోవచ్చును. అతడు దుష్టుడని నేననను. తాతగారి ఆస్తి అనుభవించుచున్నాడు, అంతే. కాని లీజు పత్రముమీద సంతకము చేయకముందు ఆ నేలమీద నివసించువారెవరో విచారింపవచ్చును గదా. త్రవ్వకమునకు ముందు వారి బావినీరు పరీక్షింపవలెననియు, గొట్టములను తరచుగా తనిఖీ చేయవలెననియు షరతులు కోరవచ్చును. అట్లు కోరుటకు ఏ చట్టమును అడ్డురాదు.