వకీలుగారు, మన వోటు

ఫీజు పుచ్చుకొని ఎవరి పక్షముననైనను వాదించు వకీలు శాసనసభలో అందరి పక్షమున నిలువగలడా? ఎరిగిన వకీలుగారు అభ్యర్థిగా నిలిచినప్పుడు ఈ సందేహము కలుగుట సహజమే. అబ్రాహాము లింకన్ జీవితమునుబట్టి దీనిని ఆలోచింతము.

ఆయన అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభకు 1832లో మొదట పోటీచేసి ఓడిపోయెను, 1834లో గెలిచెను. 1836లో న్యాయవాది పట్టా పొంది, మరుసటి యేట స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో వకీలుగా స్థిరపడెను.

ఆ 1837లోనే పరీక్ష వచ్చెను. బానిసత్వము పోవలెనను సంఘములను ఖండించుచు సభలో తీర్మానములు వచ్చినవి. అనుకూలురు 77 మంది, ప్రతికూలురు 6 గురు మాత్రమే. ఆ ఆరుగురిలో లింకన్ ఒకడు. అంతట ఊరకుండక, డాన్ స్టోన్ అను తోటి సభ్యునితో కూడ, బానిసత్వము అన్యాయముమీద కట్టబడినదని వ్రాతమూలముగా తెలియజేసెను. నిర్మూలనవాదుల బోధ కీడును హెచ్చించునని కూడ అందులోనే వ్రాసెను. అది నిండు ధైర్యము కాదు. అయినను ఆ బానిసలకు వోటు లేదు, ఫీజిచ్చు శక్తి లేదు. వారి నిమిత్తము పలికిన మాటకు ఆయనకు లాభమేమియు లేదు. తరువాత 1838లోను 1840లోను ప్రజలు ఆయననే ఎన్నుకొనిరి.

అయితే 1847లో ఆయనే ఒక బానిసల యజమానుని పక్షమున కోర్టులో వాదించెను. ఒక తల్లిని, ఆమె నలుగురు బిడ్డలను తిరిగి తనకప్పగింపవలెనని ఆ యజమానుడు కోరెను. లింకన్ ఓడిపోయెను, ఆ తల్లియు బిడ్డలును విడుదల పొందిరి. అది వృత్తిధర్మమని కొందరందురు. కోర్టులో ఎదుటి వకీలుండును, తీర్పరి యుండును; ఒకని వాదము తప్పయినచో దిద్దుటకు వీలున్నది. అయినను ఆ బిడ్డలను తలంచుకొన్నచో మన మనస్సు ఒప్పుకొనదు.

కాబట్టి దోషములేని అభ్యర్థికొరకు కనిపెట్టవద్దు. అందరును ఒకటేయని విసుగుకొనవద్దు. ఫీజు దొరకని చోట ఈయన ఎవరికొరకు నోరు తెరచెనని విచారించుడి. శాసనసభలో బీదవానికి వేరే వకీలు లేడు గదా! మోషేకు యిత్రో చెప్పిన ఆలోచనలో దైవభయము, లంచమునందు అసహ్యము ముఖ్య గుణములైయున్నవి.

ఇప్పుడు ఆ ప్రశ్న మనవైపు తిరుగుచున్నది. వకీలు తన ఫీజు పగటివేళ, అందరెదుట తీసికొనును. వోటుకొరకు మనము పుచ్చుకొను నోటు, చీర, సీసా రాత్రివేళ వచ్చును. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము దీనిని అక్రమమని చెప్పుచున్నది. మన కులమువాడనియు, మన సంఘమువాడనియు మాత్రమే వోటు వేయుటయు ఒక విధమైన ఫీజే. గుడికి రేకులు వేయించెదనన్న మాటకు లోబడి సంఘమంతటి వోట్లు వాగ్దానము చేయు పెద్దలు దీనిని గట్టిగా ఆలోచింతురు గాక.

లింకన్ దినములలో ఇల్లినాయ్ వోటరు తన అభ్యర్థి పేరు అందరెదుట బిగ్గరగా చెప్పవలసియుండెను. మన వోటు రహస్యము. మనుష్యులు చూడరు, దేవుడు చూచును. తండ్రియొద్ద మనకున్న ఉత్తరవాది మనయొద్ద ఏ ఫీజును అడుగక తన ప్రాణమునే ఇచ్చెను. ఆయనవలన ఉచితముగా పొందినవారు తమ వోటును అమ్ముకొనవచ్చునా? చదువరీ, నీవే తీర్పు తీర్చుము.