శుక్రవారం వాక్య ధ్యానం – 47: హన్నా కుట్టిన చిన్న అంగీ

కువైట్‌లోను, మిగతా గల్ఫ్ దేశాల్లోను కష్టపడుతున్న ప్రియ సహోదరులారా, అరబ్బు ఇళ్లల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లారా, డ్యూటీ దిగి అలిసిపోయి ఉంటారు. ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. ఈ వారం మన పిల్లల చదువు గురించి మాట్లాడుకుందాం.

నేను బైబిల్ కాలేజీలో చదివిన పాస్టరును కాను. ఏడో తరగతితో బడి మానేసి, షట్టరింగ్ పనికి ఈ దేశం వచ్చినవాణ్ణి. అందుకే పెద్ద పెద్ద చదువుల సంగతి చెప్పను. వాక్యంలో ఉన్నది, మా ఇంట్లో జరిగింది, ఈ రెండే చెప్తాను.

మొదటి సమూయేలు గ్రంథం 1, 2 అధ్యాయాలు తీయండి. హన్నా సంగతి మనందరికీ తెలుసు. పిల్లలు లేక ఏడ్చింది, మొక్కుకుంది, దేవుడు సమూయేలును ఇచ్చాడు. పాలు మాన్పించాక ఆ బిడ్డను షిలోహు మందిరంలో యాజకుడైన ఏలీ దగ్గర వదిలి ఇంటికి తిరిగి వెళ్లింది. అక్కడిదాకా అందరం ప్రసంగాల్లో విన్నాం. ఆ తర్వాత 2వ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. హన్నా ఏటేటా బలి అర్పించడానికి భర్తతో కలిసి షిలోహుకు వెళ్లేటప్పుడు, తన బిడ్డకు ఒక చిన్న అంగీ కుట్టుకొని వెళ్లేది.

ప్రియులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బిడ్డ ఒక ఊళ్లో, తల్లి ఒక ఊళ్లో. చూసేది ఏడాదికి ఒకసారి. మన బతుకూ అంతే కదా! మరి ఆ తల్లి అంగీ కుట్టాలంటే ఏం తెలియాలి? బిడ్డ ఎంత పెరిగాడో తెలియాలి. భుజం ఎంత వచ్చిందో, చెయ్యి ఎంత సాగిందో లెక్క వేసుకోవాలి. దూరంగా ఉన్నా ఆ తల్లి మనసులో బిడ్డ కొలత ఉంది. నా మనసులో లేదు. అది ఎలా తెలిసిందో చెప్తాను.

2016 క్రిస్మస్‌కు రెండు నెలల సెలవు మీద ఊరెళ్లాను. మావాడు అప్పుడు మూడో తరగతి. ప్రైవేటు స్కూలు, ఇంగ్లీషు మీడియం. ఫీజు ఒక్క నెల ఆలస్యం చెయ్యలేదు నేను. ఓవర్‌టైమ్ చేసి పంపాను. వాడికి క్రిస్మస్ చొక్కా ఇక్కడి మార్కెట్లోనే కొని పట్టుకెళ్లాను. తొడిగితే గుండీలు పట్టలేదు. అంతకుముందు సెలవులో చూసిన పిల్లవాడికి కొన్నాను నేను. అందరం నవ్వుకున్నాం.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి చేతికి బైబిల్ ఇచ్చి, 23వ కీర్తన చదవమన్నాను. వేలు పెట్టుకుని గడగడా చదువుతున్నాడు. నా కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. నా కష్టం ఫలించిందనుకున్నాను. మధ్యలో పక్కన కూర్చున్న మా చిన్నది ఆడుకుంటూ పేజీ తిప్పేసింది. వాడు ఆగలేదు. వేరే పేజీ మీద వేలు పెట్టుకుని అదే కీర్తన చివరిదాకా చెప్పేశాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ పేజీలో ఒక వరుస చూపించి "ఇది చదువు నాన్నా" అన్నాను. తల దించుకున్నాడు. ఇంగ్లీషు పుస్తకం తెప్పించాను. అందులో కూడా బొమ్మ చూసి ఊహించి చెప్తున్నాడు. సండే స్కూల్లో నేర్చుకున్న కీర్తన కంఠతా వచ్చు. చదవడం మాత్రం రాదు.

నాకు కోపం వచ్చి చెయ్యెత్తాను. నా భార్య అడ్డం వచ్చి ఒక్క మాట అంది. "వాణ్ణెందుకు కొడతారు? మీరు ఫోన్ చేసినప్పుడల్లా డబ్బులు అందాయా, ఫీజు కట్టావా, మార్కులెన్ని అని అడిగారు. వాడేం చదువుతున్నాడో ఒక్కరోజైనా విన్నారా? నేను చదివింది అయిదో తరగతే. ఆ ఇంగ్లీషు పుస్తకం నాకు మాత్రం ఏం తెలుస్తుంది?" ఎత్తిన చెయ్యి దించాను. చొక్కా కొలతే కాదు, వాడి చదువు కొలత కూడా నాకు తెలియదని ఆ రాత్రి నాకు అర్థమైంది.

సెలవులయ్యాక స్కూలుకు వెళ్లాను, గొడవ పెట్టుకుందామనే. టీచరమ్మ చిన్న వయసు అమ్మాయి. నేను చెప్పింది విని, దాచుకోకుండా చెప్పింది. "మీవాడు బోర్డు మీద ఉన్నది ముత్యాల్లా రాస్తాడండీ. అల్లరి చెయ్యడు. అందుకే వాడికి వచ్చనుకున్నాను. చూసి రాయడం వేరు, చదవడం వేరు. నేను ఒక్కొక్కరి చేత విడిగా చదివించి ఉండాల్సింది." ఆ మాటతో నా గొడవంతా పోయింది. ఆమె, నేను, ఇద్దరం వాడి నోటు పుస్తకం చూశాం. ఇద్దరం వాడు చదవడం వినలేదు.

సహోదరులారా, ఇది మా ఇంటి ఒక్కదాని సంగతి అనుకోకండి. అసర్ అనే సర్వే వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తారు. మన దేశంలో అయిదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని వాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్నారు. అందుకే కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం పెట్టింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అన్నది దాని గురి. మూడో తరగతే ఎందుకు? అప్పటిదాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తర్వాత చదివి నేర్చుకుంటారు. చదవడం రాని బిడ్డకు సైన్సు రాదు, సోషల్ రాదు, మాటల్లో ఇచ్చిన లెక్క కూడా అర్థం కాదు. పునాదిలో ఇనుము వెయ్యకుండా స్లాబు వేస్తే ఏమవుతుందో మన కన్‌స్ట్రక్షన్ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

మరి ఇంత దూరంలో ఉండి మనం ఏం చెయ్యగలం? మేము చేసింది చెప్తాను.

మొదటిది, వినడం. రోజూ కుదరకపోయినా వారానికి నాలుగు రోజులు ఫోన్లో వాడు నాకు పది నిమిషాలు బయటికి చదివి వినిపించాలి. ఊళ్లోకి అప్పుడే జియో సిమ్ములు వచ్చాయి, అది మాకు కలిసొచ్చింది. మనకూ ఇండియాకూ రెండున్నర గంటల తేడా. మనం రాత్రి ఎనిమిదికి తీరిగ్గా ఫోన్ చేస్తే అక్కడ పదిన్నర, పిల్లలు నిద్రపోతుంటారు. మనకు వీలైన టైమ్ కాదు, బిడ్డకు వీలైన టైమ్ చూసుకోండి. కువైట్‌లో బయట పనిచేసేవాళ్లకు జూన్ నుండి ఆగస్టు దాకా పగలు 11 నుండి 4 వరకు పని ఆపాలని రూలు ఉంది. ఆ వేళ మన దగ్గర రెండున్నర అయితే అక్కడ అయిదు. బడి నుండి వచ్చి మొహం కడుక్కుని కూర్చునే వేళ అది. అరబ్బు ఇళ్లల్లో ఉన్న చెల్లెళ్లకు ఫోను చేతికి రావడమే కష్టమని నాకు తెలుసు. అమ్మా, బిడ్డను చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. రాత్రి దుప్పటి కప్పుకుని వినండి. విని, మీరు కూడా ఒక ముక్క పెట్టండి: "విన్నాను నాన్నా, బాగా చదివావు, ఆ రెండో వరుస ఇంకోసారి చదువు" అని.

రెండోది, తప్పు చదివితే తిట్టకపోవడం. తప్పు దగ్గర ఆగండి. "మళ్లీ చూడు" అనండి. అప్పటికీ రాకపోతే చెప్పండి. తిట్టు తిన్న బిడ్డ చదవడం నేర్చుకోడు, దాచడం నేర్చుకుంటాడు. మావాడు కంఠతా చెప్పి తప్పించుకోవడం అలాగే నేర్చుకున్నాడు.

మూడోది, అర్థం అడగడం. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. "నాన్నకు తెలియదురా, తెలుగులో చెప్పు" అనేవాణ్ణి. వాడు నాకు చెప్పడం కోసం తాను అర్థం చేసుకునేవాడు. చదువురాని తండ్రి కూడా ఇలా సహాయం చెయ్యవచ్చు. ఇప్పుడు మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటున్నాయి. తెలుగు చదవగలిగిన అమ్మయినా, నానమ్మయినా పక్కన కూర్చోవచ్చు. లెక్కలకు కూడా ఫోను చాలు. "దీనారుకు వెయ్యి ఫిల్సులు, మరి పావు దీనారుకు ఎన్ని?" అని అడిగితే మా చిన్నది వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఎగిరేది.

నాలుగోది, బడి మానిపించకపోవడం. ఇది మన తప్పే. నాన్న వచ్చాడని వారం, మేనత్త ఇంట్లో పెళ్లని నాలుగు రోజులు మానిపిస్తాం. ఆ నాలుగు రోజుల్లో చెప్పిన ఒత్తులు బిడ్డకు మళ్లీ ఎవరూ చెప్పరు.

అయిదోది, టీచరును కలవడం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆంధ్రాలో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో తల్లిదండ్రులతో మెగా మీటింగ్ పెట్టారు, ఆ తర్వాత కూడా పెట్టారు. అలాంటి రోజు మీ ఇంటి నుండి ఎవరో ఒకరు తప్పక వెళ్లేలా చూడండి. వెళ్లినవాళ్లు "మావాడు ఎలా చదువుతున్నాడండీ?" అని అడిగితే "బాగానే" అంటారు. "ఈ తరగతికి రావాల్సిన వాటిలో మావాడికి ఏది రావడం లేదు? ఇంట్లో మేం ఏం చెయ్యాలి?" అని అడగమనండి. కొట్లాటకు వెళ్లినట్టు కాదు, కలిసి మొయ్యడానికి వెళ్లినట్టు వెళ్లాలి.

"బ్రదర్, నాకు అక్షరం రాదు, మా అమ్మకూ రాదు, మా పిల్లల్ని ఎవరు చూస్తారు?" అని అడిగేవాళ్లు ఉంటారు. సమూయేలు 3వ అధ్యాయం చూడండి. ఏలీ ముసలివాడు, చూపు మందగించింది. దేవుని స్వరం పిల్లవాడికి వినపడింది, ఏలీకి వినపడలేదు. పిల్లవాడు ఆ రాత్రి మూడుసార్లు లేపాడు. ఏలీ విసుక్కున్నట్టు ఎక్కడా రాయబడలేదు. మూడోసారికి సంగతి గ్రహించి, ఈసారి పిలుపు వస్తే ఏమని జవాబు చెప్పాలో నేర్పి పంపాడు. తనకు వినపడని దాన్ని వినడానికి బిడ్డను సిద్ధం చేశాడు. అక్షరం రాని తల్లిదండ్రులు కూడా చెయ్యగలిగింది అదే. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు, తిమోతి అమ్మమ్మ లోయి పేరు, తల్లి యునీకే పేరు తలుచుకున్నాడు. మీ పిల్లల్ని పెంచుతున్న మీ అమ్మను, అత్తను చిన్నచూపు చూడకండి. సాయంత్రం టీవీ కట్టేసి, బిడ్డ పక్కన కూర్చుని "చదవరా, వింటాను" అనడానికి వాళ్లకు చదువు అక్కర్లేదు.

మావాడి సంగతి ఏమైందని అడుగుతారు. అద్భుతం ఏమీ జరగలేదు. ఫస్టు ర్యాంకు రాలేదు, ఇప్పటికీ రాదు. తెలుగు కూడబలుక్కుని చదవడానికే ఏడాది దాటింది, ఇంగ్లీషుకు ఇంకా ఎక్కువ పట్టింది. కొన్ని రోజులు నేను ఫోన్ చేస్తే వాడు ఏడ్చేవాడు. కొన్ని రోజులు నేనే అలసిపోయి చెయ్యలేదు. ఆ రోజుల కోసం ప్రభువు దగ్గర క్షమాపణ అడుగుతూనే ఉన్నాను.

2018 క్రిస్మస్‌కు మళ్లీ వెళ్లాను. కుటుంబ ప్రార్థనలో బైబిల్ తెరిచి, వచ్చిన పేజీ వాడికి ఇచ్చాను. మెల్లగా, ఒక్కొక్క మాట చదువుతున్నాడు. "ఆశ్రయదుర్గము" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. వేలు అక్కడే పెట్టి, తలెత్తి, "నాన్నా, ఇదేంటి?" అని అడిగాడు. రెండేళ్ల క్రితం గడగడా చెప్పినప్పుడు వచ్చిన కన్నీళ్ల కంటే, ఆ రోజు వాడు ఆగినప్పుడు వచ్చిన కన్నీళ్లు ఎక్కువ. తెలియని చోట ఆగాడంటే, తెలిసినది నిజంగా చదువుతున్నాడన్నమాట. పన్నెండేళ్ల యేసు ప్రభువు కూడా దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడని లూకా రాశాడు. అడిగే బిడ్డను చూసి సిగ్గుపడకండి, సంతోషించండి.

ప్రియులారా, మనం పంపే డబ్బు మంచిదే. అది మన చెమట. కానీ హన్నా షిలోహుకు బట్ట పంపి ఊరుకోలేదు, కొలత చూసి కుట్టింది. ఈ శుక్రవారం మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు అడగకండి. పుస్తకం తెమ్మనండి. ఒక్క పేజీ చదవమనండి. రాకపోతే కోప్పడకండి, ఇవాళైనా తెలిసిందని దేవునికి స్తోత్రం చెప్పి, రేపటి నుండి పది నిమిషాలు మొదలుపెట్టండి.

ప్రార్థన: తండ్రీ, మా బిడ్డలు మాకు దూరంగా పెరుగుతున్నారు. వారి ఎదుగుదల కొలత మాకు తెలియజేయండి. వారికి చదువు చెప్పే టీచర్లకు ఓపికను, వారిని సాకుతున్న పెద్దవాళ్లకు బలాన్ని ఇవ్వండి. అలసిపోయిన రోజు కూడా బిడ్డ చదివేది వినే మనసు మాకు ఇవ్వండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ఈ సందేశం మీకు ఉపయోగపడితే మీ రూములో పిల్లల తండ్రి ఎవరైనా ఉంటే వారికి పంపండి. చదవడం రానివారు ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి.