ఇంకా అవలేదా?

"ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. ఆ పెద్దలే మరో పూట తీరిగ్గా కూర్చుని "నిదానమే ప్రధానం" అన్నారు. ఈ రెండిట్లో ఏది ఎప్పుడు వాడాలో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారు. అందుకని మనం మనకి అనువైనట్టు వాడుకుంటూ వచ్చాం. మనింట్లో పని ఆలస్యమైతే రెండోది. పక్కింట్లో పని ఆలస్యమైతే మొదటిది.

పక్కింటి పిల్లల చదువుల దగ్గర మరీను. ఎవరి అబ్బాయి ఏ ఏడు ఇంజనీరింగులో చేరాడో, ఎప్పటికి బయట పడాలో మనకి కంఠతా వచ్చు. పాలవాడికివ్వాల్సిన లెక్క మర్చిపోతాం గానీ ఈ లెక్క మర్చిపోం. నాలుగేళ్ళు నిండి నెల తిరిగేసరికి, వీధిలో కనబడితే చాలు, "ఇంకా అవలేదా?" అని అడిగేస్తాం. అడిగేవాళ్ళకి అందులో విషమేమీ ఉండదు. వానలు పడుతున్నాయా అన్నంత మామూలుగానే అడుగుతారు. వినేవాళ్ళకి మాత్రం అది రాత్రి పడుకునేదాకా చెవిలో మోగుతూనే ఉంటుంది.

ఆడవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తదేం కాదు. పెళ్ళి ఇంకా అవలేదా, పిల్లలు ఇంకా లేరా, సొంత ఇల్లు ఇంకా అమరలేదా - ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. వాటన్నిటినీ దాటొచ్చిన మనమే, మళ్ళీ ఆ ప్రశ్నని పట్టుకెళ్ళి ఇరవై రెండేళ్ళ పిల్లల ముందు పెడుతూంటాం.

మా సీతమ్మధారలో నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. తనతో చేరినవాళ్ళు కోర్సు ముగించి ఏడాది దాటింది. తనకి రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి. స్నేహితురాళ్ళు హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ఉద్యోగాల్లో కుదురుకున్నారు. వాళ్ళలో ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. ఈ పిల్ల ఆ పెళ్ళికి వెళ్ళలేదు.

"వెళ్తే అందరూ అదే అడుగుతారాంటీ" అంది.

తల్లి పరిస్థితి ఇంకా ఇబ్బంది. బంధువులు ఫోన్ చేస్తే "ఏదో కోచింగ్ తీసుకుంటోంది" అంటుంది. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. రైతుబజారులో కూరలమ్మే ఆవిడ "పాప సదువు ఇంకా అవ్వనేదేటమ్మా?" అని ఆప్యాయంగా అడిగినప్పట్నుంచీ ఆ కొట్టు దగ్గర వంకాయలు కొనడం మానేసింది.

చూడండి, రెండు పరీక్షలు మిగిలాయి. అందుకు ఒక స్నేహం మసకబారింది, ఒక తల్లి అబద్ధం నేర్చుకుంది, ఒక పిల్ల ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించింది. పరీక్షల ఖరీదు కంటే ఇది చాలా ఎక్కువ. ఒక్కోచోట ఈ సిగ్గు ఇంతటితో ఆగదు కూడా. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందుకే ఈ విషయాన్ని నవ్వి వదిలేయడానికి నాకు మనసొప్పదు.

అలాగని ఆలస్యానికి ఖరీదు లేదని చెప్పను. ఆ మాట చెప్పేవాళ్ళు ఫీజు కట్టినవాళ్ళు కారు. మా ఊరి బీచి రోడ్డు మీద నిలబడి చూస్తే, దూరంగా సముద్రంలో లంగరేసిన ఓడలు కనబడుతూంటాయి. రేవులో చోటు దొరికేదాకా అక్కడే నిలవాలి. ఓడకి ఒప్పుకున్న గడువు దాటితే రోజుకింతని డబ్బు కట్టాలి. దాన్ని డెమరేజి అంటారు. చదువుకీ డెమరేజి ఉంది. మళ్ళీ పరీక్ష ఫీజు, మళ్ళీ గది అద్దె. బ్యాంకు అప్పు ఉంటే దాని వడ్డీ. నాన్నగారి రిటైర్మెంటు దగ్గరపడటం. సర్కారు ఉద్యోగాలకి వయోపరిమితి. సబ్జెక్టులు మిగిలినవాళ్ళని కొన్ని కంపెనీలు ఇంటర్వ్యూకే రానివ్వవు. ఇదంతా నిజమైన నష్టమే. కాగితం మీద లెక్క వేసుకోవాలి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

కానీ డెమరేజి కడుతున్నందుకు ఓడ సిగ్గుపడదు. మనం మాత్రం నష్టాన్నీ సిగ్గునీ ఒకే మూటలో కట్టి పిల్లల నెత్తిన పెడతాం. మూట విప్పి చూస్తే నష్టం ఒక వంతుంటే, సిగ్గు మూడు వంతులుంటుంది.

పోనీ ఈ సిగ్గు కాలం పోయినందుకా అంటే, అదీ కాదు. 1969లో తెలంగాణ ఉద్యమం అప్పుడు అక్కడా, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం అప్పుడు ఇక్కడా కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. పరీక్షలు వాయిదా పడ్డాయి. ఆ రోజుల్లో చదువుకున్న పెద్దవాళ్ళు మా ఇళ్ళ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. "మాకో ఏడాది పోయిందమ్మా" అని చెప్తారు. ఎలా చెప్తారనుకున్నారు? తుఫాను కబుర్లు చెప్పినట్టు, కాస్త గర్వంగా కూడా చెప్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడూ అంతే. పరీక్షలు ఎప్పుడో తెలీక దేశమంతా పిల్లలు ఎదురు చూశారు. దిగులుపడ్డారు గానీ ఎవరూ మొహం చాటేయలేదు.

పోయిన కాలం ఆ పిల్లలదీ కాలమే, ఈ అమ్మాయిదీ కాలమే. తేడా ఎక్కడుంది? అక్కడ అందరూ కలిసి ఆగారు. ఈ అమ్మాయి ఒక్కతీ ఆగింది. ఊరంతా ఆగితే దానికి ఆలస్యమన్న పేరే ఉండదు. కాబట్టి మనల్ని కుమిలేది పోయిన ఏడాది కాదు, ఒంటరితనం. "వెనకబడింది" అన్న మాటలోనే ఉంది చూడండి, ముందెవరో వరసగా నడుస్తున్నారని. ఆ వరస ఎవరు కట్టారు? ఐదేళ్ళప్పుడు బళ్ళో వేసినరోజున, ఒకే ఏడాది పుట్టారు కదా అని మాస్టారు ఒకచోట కూర్చోబెట్టారు. అంతే. ఆ రోజున కట్టిన వరస జన్మంతా అలాగే నడవాలని ఎక్కడా రాసిలేదు.

వరస విషయంలో ఆడవాళ్ళ కథ వేరు. ఆంధ్రా యూనివర్సిటీ 1972లో కరస్పాండెన్సు కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు దానికి అంబేద్కర్ గారి పేరు. పెళ్ళిళ్ళై, పిల్లలు పుట్టి, వంటింట్లో పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని బి.ఏ. పాసైన ఆడవాళ్ళు మన మధ్య ఎంతమందో! అలాంటావిడ పాసైతే మనం స్వీట్లు పంచుకుంటాం. "ఈ వయసులో ఎంత పట్టుదల!" అని మెచ్చుకుంటాం. పదిహేనేళ్ళు ఆలస్యమైనావిడకి చప్పట్లు, ఒక్క ఏడాది ఆలస్యమైన పిల్లకి జాలి. ఎందుకంటారు?

ఎందుకంటే ఆవిడ చదువుతుందని మనం ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ ఏ వరసలోనూ లేదు. అందుకే ఆవిడ ఎప్పుడొచ్చినా మనకి ఆశ్చర్యమే, ఆనందమే. ఆ చప్పట్లలో కాస్త అవమానం కూడా కలిసుందని నాకు అనిపిస్తూంటుంది. అయినా ఒక సంగతి తేలింది. ఆలస్యాన్ని కొలిచే గడియారం చదివేవాళ్ళ దగ్గర లేదు. అది ఎదురుచూసేవాళ్ళ దగ్గరే ఉంది.

ఆ అమ్మాయికి ధైర్యం చెబుదామని దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి ఎత్తాను. 1909లో రాజమండ్రిలో పుట్టారావిడ. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో దూకి, వెల్లూరు, మధుర జైళ్ళలో గడిపారు. బయటికొచ్చేసరికి ఇరవై దాటిపోయాయి, చేతిలో మెట్రిక్ కూడా లేదు. అప్పుడు పుస్తకాలు ముందేసుకుని కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్కి ప్రైవేటుగా కట్టారు. తర్వాత డిగ్రీకి వాల్తేరు వచ్చారు. ఆడపిల్లలకి హాస్టలు లేదు కనక చేర్చుకోలేమన్నారట అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఈవిడ వెనక్కి తిరిగి వెళ్ళలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలుంటే తనకి రాయమని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. వచ్చిన పిల్లల్ని పోగుచేసి, తామే హాస్టలు పెట్టుకుని, సీటు సంపాదించారు. ఇదంతా జరిగిన యూనివర్సిటీ మా సీతమ్మధారకి ఎంతో దూరం కాదు. ఆవిడ మద్రాసులో లా పట్టా పుచ్చుకునేసరికి 1942. అప్పటికి ముప్ఫై దాటాయి. మరో నాలుగేళ్ళకి రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

అంతా విని ఆ పిల్ల ఏమందనుకున్నారు?

"ఆవిడ దేశం కోసం జైలుకెళ్ళారాంటీ. నేను ఎం-త్రీ పేపర్లో పోయాను."

నవ్వొచ్చింది గానీ, మాట గట్టిదే. పెద్ద కారణం ఉంటేనే ఆలస్యానికి క్షమాపణా? జైలో, జబ్బో, ఇంట్లో ఎవరో పోవడమో ఉండాలి. ఉత్తి లెక్కల పేపరు తప్పినవాళ్ళు తలొంచుకునే తిరగాలా?

చాలా రోజులు ఆలోచించాను. కారణం అక్కర్లేదని అనను. ఎందుకు తప్పామో ఎవరికి వాళ్ళు నిజంగా తేల్చుకోవాలి. చదవలేదా, అర్థం కాలేదా, అసలు ఆ కోర్సే ఇష్టం లేదా? దానికి జవాబు చెప్పుకోకపోతే మూడోసారి కూడా అదే పేపరు ఎదురొస్తుంది. కానీ ఆ విచారణ వాళ్ళకీ వాళ్ళ పుస్తకాలకీ మధ్యది. వీధిలో నిలబడి మనం చెయ్యాల్సింది కాదు.

ఇంకొకటి కూడా తోచింది. ఆ రోజుల్లో జైలుకి వెళ్ళినవాళ్ళు వేలమంది. దుర్గాబాయి గారిలో నాకు గొప్పగా కనబడేది జైలుకి వెళ్ళడం ఒక్కటే కాదు. ఊరేగింపులో వెంట జనం ఉంటారు, జేజేలుంటాయి. జైలునుంచి వచ్చాక, ఊరంతా పేరు తెలిసిన మనిషి, తనకంటే చిన్నపిల్లలు రాసే పరీక్షకి మొదట్నుంచీ అక్షరాలు దిద్దుకున్నట్టు చదవడం ఉంది చూశారూ, అక్కడ జేజేలు లేవు. జూనియర్ల మధ్య బెంచీ మీద కూర్చుని ఎం-త్రీ రాయాల్సిన పిల్లకి కావలసిన ధైర్యమూ అలాంటిదే. వెళ్ళిన దారులు వేరు గానీ, కూర్చోవాల్సిన బెంచీ ఒకటే. ఈ మాటే ఆ అమ్మాయితో చెప్పాను. ఏమీ అనలేదు. హాల్ టికెట్ ఎప్పుడిస్తారో మాత్రం చెప్పింది.

ఆలస్యంగా చదువుకున్న దుర్గాబాయి గారు తన పట్టా పుచ్చుకుని తలుపేసుకోలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో, చిన్నప్పుడు బడి మానేసిన ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి చదవాల్సింది రెండేళ్ళలో చదివించి పరీక్షకి పంపడం. భర్త పోయినవాళ్ళూ, వదిలేసిన వాళ్ళూ, చదువు మధ్యలో ఆగిన వాళ్ళూ వాటిల్లో చదువుకుని నర్సులయ్యారు, టీచర్లయ్యారు. మెట్లు ఎక్కడ జారతాయో ఆలస్యంగా ఎక్కినవాళ్ళకే బాగా తెలుస్తుంది. ఇప్పుడు చట్టాలకీ కాస్త తెలిసొచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీని మధ్యలో ఆపి మళ్ళీ వచ్చి పూర్తి చేసుకోవచ్చంటోంది. కాగితం మీద తలుపు తెరిచారు. మన నోళ్ళే ఇంకా తెరిచిన తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాయి.

మరి కనబడితే ఏమడగాలి అంటారా? "ఏం చదువుతున్నావమ్మా?" అనండి. "భోంచేశావా?" అనండి. చదువు గురించి చెప్పుకోవాలనిపిస్తే పిల్లలే చెప్తారు. తల్లులకి కూడా ఒక మాట. "రెండు పేపర్లున్నాయండీ, రాస్తోంది" అని ఒకసారి చెప్పి చూడండి. నోరు ఆరిపోతుంది, నిజమే. ఒక్కసారే. తర్వాత ఏ అబద్ధం ఎవరికి చెప్పామో గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. పిల్ల కూడా తల్లి మొహం చూసి, తనేమీ దాచుకోవాల్సినంత తప్పు చెయ్యలేదని తెలుసుకుంటుంది.

ఇప్పుడంటే బఫేలొచ్చాయి గానీ, మన పెళ్ళిళ్ళలో బంతిభోజనాలు ఉండేవి. మొదటి బంతి, రెండో బంతి, మూడో బంతి. మొదటి బంతిలో లేచినవాళ్ళు చేతులు కడుక్కుని కిళ్ళీలు వేసుకుంటూంటే, ఇంటి ఆడవాళ్ళం ఆఖరి బంతిలో విస్తరి ముందు కూర్చునేవాళ్ళం. అప్పుడు మనల్నెవరూ "ఇంకా తినలేదా, సిగ్గులేదూ?" అనలేదు. వేడి తగ్గినా పప్పు పప్పే, బూరెలు బూరెలే. పైగా ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్ళకి కొసరి కొసరి వడ్డించే అలవాటు మన ఇళ్ళలో ఉండేది. ఆ అలవాటు చదువుకునే పిల్లల విషయంలో కూడా పెట్టుకుందాం.