కొత్త బండి, తొందర వైరాగ్యం

హైదరాబాద్‌లో చందానగర్, మదీనాగూడ, నల్లగండ్ల వైపు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి దిగి చూడండి. స్తంభం పక్కన కవరు కప్పుకున్న పెద్ద బండి ఒకటి తగులుతుంది. టైర్లకు నిమ్మకాయ మరకలు ఇంకా పోలేదు, ట్యాంకు మీద దిద్దిన పసుపూ కుంకుమా చెరిగిపోలేదు. కొని నెలలే అయింది. దాని యజమాని మాత్రం పై అంతస్తులో రాత్రిళ్లు లెక్కలు వేసుకుంటుంటాడు, ఉంచుకోవాలా అమ్మేయాలా అని. ఆధ్యాత్మిక శీర్షికలో బైకు గొడవేమిటని అడిగేవారికి ఒకటే జవాబు. కొన్నరోజు పంతులుగారిని పిలిచి కొబ్బరికాయ కొట్టించాం కదా, అమ్మే రోజున దేవుడికి సంబంధం లేకుండా ఎలా పోతుంది?

ముందు బండి సంగతి. స్పోర్ట్ టూరర్ అంటే రేసు బండి వేగాన్నీ దూరప్రయాణపు బండి సుఖాన్నీ కలిపి చేసిన యంత్రం. ఈ తరగతిలో పేరున్న కవాసకీ నింజా 1100 ఎస్‌ఎక్స్ ఇంజన్ 1099 సీసీ, బరువు 235 కిలోల పైమాటే. పొద్దున బయల్దేరితే రాత్రికి రాష్ట్రం దాటించే ఈ బండి కొండాపూర్ సిగ్నల్లో మొదటి గేరులో నిలబడి, నడిపేవాడి తొడలు కాలుస్తూ ఉంటుంది. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నా, దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. పోనీ ఆఫీసుకంటారా, చందానగర్ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట తర్వాత వచ్చేది హైటెక్ సిటీయే.

అవసరం లేదు కాబట్టి కొనడం తప్పని నేననను. అవసరమైనవే కొనే జాతి అయితే మనకు జాతరలుండేవి కావు. ఆదివారం తెల్లవారుజామున పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దాకా వెళ్లొచ్చే కుర్రాడికి పూజగదిలో దొరకని నిశ్శబ్దం ఆ దారిలో దొరకవచ్చు. 2022లో జగ్గీ వాసుదేవ్ 65వ ఏట లండన్ నుంచి కోయంబత్తూరు దాకా 27 దేశాల మీదుగా మట్టిని కాపాడాలంటూ వంద రోజుల యాత్ర చేశారు. ఆయన నడిపిన బీఎండబ్ల్యూ కె 1600 జీటీ ఈ కోవలోని బండే. ఆయన్ని మెచ్చేవారూ ఉన్నారు, మెచ్చనివారూ ఉన్నారు. పెద్ద బండి ఎక్కితే భక్తి పోదని, దిగితే రాదని మాత్రం ఇరువర్గాలూ ఒప్పుకోవచ్చు.

కాబట్టి చూడవలసింది అమ్మాలన్న బుద్ధి ఎక్కడ పుట్టిందన్నది. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మన పెద్దలు మూడు రకాలు చెప్పారు. మూడూ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఆరిపోయేవే. ఈ ఐటీ కారిడార్‌లో నాలుగోది కూడా ఉంది, ఈఎంఐ వైరాగ్యం. ఐదో తారీఖున ఖాతాలో డబ్బు కోసుకుపోగానే పుడుతుంది, శనివారం సాయంత్రం స్నేహితులు రైడుకు పిలవగానే పోతుంది. ఆ ఊపులో అమ్మినవాడు ఆర్నెల్లకు ఇంకా పెద్దది కొంటాడు.

భయంతో పుట్టే వైరాగ్యాన్ని ఇంత తేలిగ్గా తీసెయ్యలేం. 2011 సెప్టెంబరులో పుప్పాలగూడ దగ్గర ఔటర్ మీద వెయ్యి సీసీ బైకు ప్రమాదంలో మాజీ క్రికెటర్ అజహరుద్దీన్ చిన్న కొడుకు అయాజుద్దీన్ 19 ఏళ్లకే ప్రాణం పోగొట్టుకున్నాడు. 2021 సెప్టెంబరు 10, వినాయక చవితి రాత్రి, దుర్గం చెరువు తీగల వంతెన దాటి ఐకియా వైపు వెళ్తూ నటుడు సాయిధరమ్ తేజ్ ట్రయంఫ్ బండి మీంచి జారిపడ్డారు. రోడ్డు మీద ఇసుక ఉంది, అదృష్టం కొద్దీ తలకు హెల్మెట్ ఉంది. కోలుకుని 2023లో ‘విరూపాక్ష’తో తిరిగి తెర మీదికి వచ్చారు. ఆ దారిలో రోజూ తిరిగే వాళ్లకు ఇవి పేపర్లో చదివిన వార్తలుగా మిగలవు. బండి తీసిన రోజున గేటు చప్పుడయ్యేదాకా అమ్మ నిద్రపోకపోతే, ఆ పోయిన నిద్రను కూడా బండి ఖర్చులో రాయాలి. మనవాళ్లు పెట్రోలు రాస్తారు, సర్వీసింగ్ రాస్తారు, ఇది రాయరు.

ఈ విషయంలో నాకు కఠోపనిషత్తును మించిన దిక్కు కనపడదు. అది మొదలయ్యేదే పనికిరాని సొత్తు వదిలించుకునే ఒక మనిషితో. ఉన్నదంతా ఇచ్చేయవలసిన యాగం చేస్తూ నచికేతుడి తండ్రి ఆవులను దానం చేస్తున్నాడు. ఎలాంటి ఆవులు? ఇక నీళ్లు తాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలు వట్టిపోయినవి, ఈనే శక్తి ఉడిగినవి. చూసేవారికి మహాత్యాగం, లోపల కొట్టం ఖాళీ చేసుకోవడం. అది కొడుకు కంటపడింది. నన్నెవరికిస్తావు నాన్నా అని ముమ్మారు అడిగాడు, విసిగిన తండ్రి యముడికిస్తానన్నాడు. కొడుకు యముడి దగ్గరికే వెళ్లాడు. అక్కడ యముడు ఆశపెట్టిన వాటిలో బంగారం, ఏనుగులు, గుర్రాలతోపాటు రథాలూ ఉన్నాయి. ఇవన్నీ రేపటిదాకా ఉండేవి, ఇంద్రియాల తేజస్సును అరగదీసేవి, మీ వాహనాలు మీరే ఉంచుకోండి అన్నాడు ఆ పిల్లవాడు. తీసుకోకముందే అన్నాడన్నది గమనించండి. మనకు ఆ ఆలోచన డౌన్ పేమెంట్ కట్టాక వస్తుంది.

అంతటితో ఆగితే అమ్మేయమనే తీర్పు వచ్చినట్టే. కానీ అదే ఉపనిషత్తు కొద్ది దూరం వెళ్లాక రథాన్నే పాఠంగా ఎత్తుకుంటుంది. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్నవాడు, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. రథాన్ని వదిలెయ్యమని అక్కడ ఎక్కడా లేదు. సారథి మెలకువగా ఉంటే చేరవలసిన చోటికి చేరతాడని, లేకపోతే గుర్రాలు తమ దారిన లాక్కుపోతాయని ఉంది. చందానగర్ కుర్రాడి విషయంలో సారథి ఎవరు? షోరూమ్‌కు తీసుకెళ్లింది ఆఫీసులో పక్క సీటువాడి కొత్త బండి కావచ్చు. ఇప్పుడు అమ్మమంటున్నది ఇంకొకడి కొత్త కారు కావచ్చు. కొనడంలోనూ అమ్మడంలోనూ పగ్గాలు పక్కవాడి చేతిలోనే ఉంటే, బండి ఉన్నా పోయినా ఒకటే.

డబ్బు మాట ఇక్కడే తేల్చుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకుల మీద జీఎస్టీ 40 శాతం. అమ్మిన రోజున ఆ పన్ను ఎవరూ తిరిగివ్వరు. బీమా లెక్కల్లోనే బండికి ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం విలువ తగ్గుతుంది. ఇంత నష్టానికి ఎలా అమ్మనని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ నష్టం కొన్నరోజే జరిగిపోయింది. దానికోసం ఇంకా పట్టుకు వేలాడేది బండి మీద ప్రేమతో కూడా కాదు, పోయిన సొమ్ము మీద మమకారంతో. ఇది మరీ పిచ్చి బంధం.

అమ్మాలని తేలితే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ ఉంది. జడలో పిట్టలు గూడు పెట్టినా కదలనంత తపస్సు చేసి, తనను మించిన ధర్మాత్ముడు లేడనుకున్నాడు. కాశీలో తులాధారుడనే వ్యాపారి దగ్గరికి వెళ్లమని ఆకాశవాణి చెప్పింది. సరుకులు తూచి అమ్ముకునే ఆ తులాధారుడు, అందరికీ ఒకే తూకం వేయడమే తన ధర్మమని ఆ తపస్వికి బోధించాడు. ఈ కథను ‘సింగిల్ ఓనర్, ఒక్కసారి కూడా పడలేదు సార్’ అనే మాట పక్కన పెట్టి చూడండి. సెల్లార్‌లో స్టాండు సరిగ్గా పడక ఒరిగిన సంగతి, మార్పించిన క్రాష్ గార్డు సంగతి, దాటేసిన సర్వీసింగ్ సంగతి కొనేవాడికి చెప్పగలరా? చెప్పకపోతే మన అమ్మకం నచికేతుడి తండ్రి గోదానం పక్కన చేరుతుంది. ఇంకొకటి, నా మటుకు నాకు ఇది అన్నిటికన్నా పెద్దది. కొనడానికి వచ్చినవాడు నిన్నటిదాకా స్కూటీ నడిపిన పందొమ్మిదేళ్ల పిల్లవాడైతే? లైసెన్సు ఉంది, డబ్బు చేతిలో ఉంది, చట్టానికి అభ్యంతరం లేదు. అలాంటి బేరం వదులుకున్నవాడి పుణ్యం ఏ హుండీలో వేసినదానికన్నా ఎక్కువని నా అభిప్రాయం.

వదలడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సిద్ధార్థుడు రాత్రికి రాత్రి ఎక్కి ఇల్లు విడిచి వెళ్లిన కంథకమనే గుర్రాన్ని మన అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు. సన్యాసానికి వెళ్తున్నవాడు కదా అని ఆ గుర్రాన్ని నది ఒడ్డున గాలికి వదిలేయలేదు. సారథి ఛన్నుడికి అప్పగించి ఇంటికి పంపాడు. మనవాళ్లు డబ్బులు లెక్కపెట్టుకుని, తాళం చేతిలో పెట్టి, ఆర్‌సీ సంగతి మరిచిపోతారు. తీగల వంతెన ప్రమాదం నాటికి సాయిధరమ్ తేజ్ బండి రిజిస్ట్రేషన్ పాత యజమాని పేరు మీదే ఉందని, అది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదని పోలీసులు అప్పట్లో చెప్పారు. ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. హోమంలో ఆహుతి వేశాక ఇది ఇక నాది కాదని పలికిస్తారు. ఆర్టీవో ఆఫీసులో ఆ మాట ఫారం 29, ఫారం 30 మీద సంతకంతో పలకాలి. రాష్ట్రం లోపలి అమ్మకమైతే అందుకు గడువు 14 రోజులు. అప్పు మిగిలి ఉంటే ముందు తీర్చి, బ్యాంకు ఎన్‌వోసీతో ఫారం 35 కూడా ఇవ్వాలి.

ఇక నా మాట. వాయిదా కోసం ఇంట్లో మందులో, పిల్లల ఫీజో వెనకబడుతుంటే రేపే అమ్మేయండి, దానికి ఉపనిషత్తు అక్కర్లేదు. ఆ ఇబ్బంది లేకపోతే ఒక పండగ సీజను గడవనివ్వండి, ఎవరికీ చెప్పకుండా, ఫొటో పెట్టకుండా నడిపి చూడండి. అప్పటికీ కవరు తీయబుద్ధి కాకపోతే తీగల వంతెన మీద చివరి సెల్ఫీ, వీడ్కోలు పాట లేకుండా, ఉన్న లోపాలు చెప్పి తగినవాడికి అమ్మండి. ఉంచుకుంటే సిగ్గుపడకుండా ఉంచుకోండి, పాలప్యాకెట్టుకు వెళ్లినా హెల్మెట్ బకిల్ పెట్టుకోండి.