చప్పట్ల మధ్య ఒక సందేహం

"నా నొప్పి నాకే తెలుసు" అని ఒక స్త్రీ అన్నప్పుడు ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? పూర్తిగా నమ్మాలనే అంటాం మనం. ఎక్స్‌రేలో ఏమీ లేదనో, అంతా మనసులోనే ఉందనో చెప్పి ఆడవాళ్ళను ఇంటికి పంపేయడం తరాలుగా చూస్తున్నాం. 1991లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' వెనక ఉన్నదీ ఈ నమ్మకమే. తన దేహం గురించి తెలుసుకునే హక్కూ, మాట్లాడే హక్కూ స్త్రీకి ఉన్నాయని.

పామర్రు దగ్గర పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న పిన్నికి తోడుగా విజయవాడలో ఒక ఉచిత థెరపీ కేంద్రానికి వెళ్ళాను. వీపు కింద వేడి రాళ్ళు కదిలే మంచాల మీద పడుకోబెడతారు. డబ్బులడగరు. తర్వాత మైకు చేతికిచ్చి "మీ అనుభవం చెప్పండమ్మా" అంటారు. ఒకామె నడుం నొప్పి తగ్గిందంది. హాలంతా చప్పట్లు. ఇంకొకామె షుగరు మాత్రలు మానేశానంది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఒకరి అనుభవం ఒకరు వినడం మన సమావేశాల పద్ధతి. అదే పద్ధతి అక్కడ మంచాలు అమ్మిపెడుతోంది.

తిరిగొస్తూ ఆటోలో పిన్ని అడిగింది: "నేనూ మాత్రలు ఆపి చూడనా?"

ఆ ఇద్దరు ఆడవాళ్ళు చెప్పినవి ఒకే రకం మాటలు కావు.

నడుం నొప్పి తగ్గిందనడానికి ఆమె తప్ప వేరే సాక్షి లేరు. పిన్ని ఇంట్లో టెన్స్ అనే చిన్న మిషను వాడుతుంది. జిగురు పట్టీలు నడుముకి అంటించుకుంటే కరెంటు సన్నగా చిమచిమలాడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన గేట్ సిద్ధాంతం దీనికి ఆధారం. స్పర్శను మోసే లావు నరాలు పనిచేస్తుంటే వెన్నుపాములో నొప్పి కబురుకు దారి ఇరుకవుతుంది. దెబ్బ తగిలినచోట రుద్దుకుంటాం కదా, అలాగే. 381 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి సమీక్ష, వాడుతున్నప్పుడూ ఆ వెంటనే నొప్పి తగ్గుతుందని తేల్చింది. బ్రిటన్ నైస్ సంస్థ మాత్రం నడుం నొప్పికి దీన్ని ఇవ్వొద్దని 2016లోనే చెప్పింది.

"రెంటిలో ఏది బాగుంది పిన్నీ?" అన్నాను.

"మంచమేనే. ఇంట్లో పట్టీలు అంటించుకున్నా పాలు పొంగితే లేవాల్సిందేగా. అక్కడ పడుకుంటే ఎవరూ పిలవరు."

ముప్ఫై ఏళ్ళు నాట్లలోనూ వంటింట్లోనూ వంగిన నడుము అది. ఉపశమనం రాళ్ళ వేడి వల్లనో, ఎవరూ పిలవని ఆ కాసేపటి వల్లనో విడదీయలేం. అంతమాత్రాన ఆమెకు కలిగిన ఉపశమనం అబద్ధం కాదు.

షుగరు సంగతి వేరు. అది తగ్గిందీ లేనిదీ రక్తపరీక్ష చెప్పాలి. హాయిగా ఉందనిపించే రోజునే పెరిగి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి షుగరున్న కొందరి పాదాలు మొద్దుబారతాయి. అలాంటి పాదానికి వేడి తగిలి కాలినా తెలియదు. అక్కడ దేహమే సాక్ష్యం చెప్పలేదు. ఇక అనుభవాన్ని ప్రమాణంగా ఎలా తీసుకుంటాం?

నయం చేస్తామని కొన్ని జబ్బుల పేరు చెప్పి ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ జాబితాలో షుగరు ఉంది. "స్త్రీల వ్యాధులు" అని మనందరినీ ఒక్క గంపలో వేసిన పద్దూ ఉంది. అమ్మేవాళ్ళు తమ నోటితో అనకూడని మాటను మైకిచ్చి మన చేత అనిపిస్తున్నారు. రేపు ఏదైనా జరిగితే "ఆవిడే చెప్పింది కదా" అంటారు.

మంచం మీద పడుకోవాలనిపిస్తే వెళ్ళమనీ, మాత్రలు మాత్రం మానొద్దనీ పిన్నికి చెప్పాను. "అయితే ఆవిడ అబద్ధమాడిందా?" అంది. లేదన్నాను. ఆమె అబద్ధమాడలేదు. రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని ఆ హాల్లో ఆమెను అడిగినవాళ్ళు లేరు, అంతే. ఆ ప్రశ్న ఆమెను అనుమానించడం అవుతుందని మనమూ వెనకాడితే, ఆమెకు మిగిలేది చప్పట్లే.