అగ్ని చెంత జలధర్మము

అగ్నికిని జలమునకును సహజవైరమని లోకమున వాడుక. కాని పిఠాపురమున పాదగయ పుష్కరిణిలో కార్తికమాసమున అరటిదొప్పలలో విడిచిన దీపములను చూచినవారికి ఆ వాడుక సంపూర్ణసత్యమని తోచదు. దీపము నీటిమీదనే తేలుచు వెలుగుచున్నది. నడుమనున్నది పలుచని దొప్ప మాత్రమే. వంటయింటిలో ఆ దొప్ప పని కుండ చేయును. క్రింద నిప్పు, పైన నీరు, నడుమ కుండ, ఫలితము అన్నము. కుండ పగిలినచో పొయ్యియు ఆరును, అన్నమును పోవును. కావున వైరము ఆ రెండింటి స్వభావములో లేదు; అవి కలిసికొను తీరులో ఉన్నది.

కోపమును ఇంటిలోని నిప్పుతో పోల్చిన బసవేశ్వరుని వచనము పాఠకులకు సుపరిచితమే. ఆ బోధ కోపించువానిని ఉద్దేశించినది. ఇక కోపముతో మండుచున్నవాని ప్రక్కన నిలిచినవాని ధర్మమేమి? ఓర్పు నీటివంటిదందుము. అట్లయిన నీరు నిప్పును ఎట్లు ఆర్పునో ముందు తెలిసికొనవలెను.

నీరు నిప్పుతో పోరాడదు. దాని వేడిని తాను గ్రహించును. ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 100 కెలోరీలు చాలును. మరుగుచున్న ఆ నీరు ఆవిరియగుటకు మరి 540 కెలోరీలు కావలెను. అనగా నీరు తన రూపమును కోల్పోవునప్పుడే అధికతాపమును హరించుచున్నది. ఓర్పు కూడ ఇట్టిదే. దూరముగా నిలిచి శాంతింపుమనుట ఓర్పు కాదు. ఎదుటివాని తాపములో కొంత తాను భరించుట ఓర్పు.

అయినను అన్ని మంటలకు నీరు మందు కాదు. మూకుడులో నూనె అంటుకొన్నప్పుడు నీరు పోసినచో, నూనెకంటె బరువైన నీరు అడుగునకు దిగి, ఆవిరియై, సుమారు 1,600 రెట్లు వ్యాకోచించి, మండుచున్న నూనెను నలుదెసల చిమ్మును. అక్కడ మూత పెట్టుటయే ఉపాయము. సమయమెరుగని హితోక్తి ఆ నీటివంటిది. అప్పుడు మౌనమే మూత.

మరియొక మంట గలదు. కోనసీమలోని పాశర్లపూడి వద్ద 1995 జనవరి 8న సహజవాయువు బావి అంటుకొని 65 దినములు మండెను. చుట్టును గోదావరి పాయలు, కాలువలు. నీటికి కొరత లేదు. కాని క్రిందినుండి వాయువు ఎగయుచున్నంతకాలము నీరొక్కటే అట్టి మంటను ముగింపజాలదు. బావినోరు మూయుటకు సాహసించి సమీపించువారిని చల్లబరచి కాపాడుటయే అట్టిచోట నీటి పని.

అన్యాయమునకు గురియైనవాని కోపము ఈ బావిమంట వంటిది. కూలి అందనివానికి, పంక్తిలో అవమానింపబడినవానికి ఓర్పు బోధించుట సులభము. క్రిందినుండి అన్యాయము ఎగయుచుండగా పైనుండి పోసిన శాంతివచనములు వ్యర్థములు. కూలి ఇప్పింపవలెను, పంక్తిలో చోటు కల్పింపవలెను. అదియే బావినోరు మూయుట. ఆ పని నెరవేరువరకు, ఆ కోపము అతనిని దహింపకుండ, ప్రక్కయింటి తాటాకుకప్పునకు ప్రాకకుండ చూచుట ఓర్పునకు తగిన పని.

కోపములన్నియు ఆర్పదగినవి కావు. పొయ్యిలోని నిప్పుపై నీరు గ్రుమ్మరించినవాడు శాంతిని స్థాపింపలేదు; ఆ పూట పదిమందిని పస్తుంచినాడు. న్యాయమను కుండ నడుమ నిలిచినచో కోపములోని వేడిమియు ఓర్పులోని చల్లదనమును కలిసి దాసోహమునకు అన్నము వండగలవు.