బావికాడి ఇంజన్

వీర్నపల్లి



బిడ్డా, మొన్న ఆదివారం బావికాడ, పట్టేసిన ఇంజన్ ముందట నీ చేతిల సమ్మెట గుంజుకున్న. నలుగురి ముంగట కసిరిన, అది నా తప్పే. సమ్మెట గుంజుకోవడం మాత్రం తప్పు కాదు. ఎందుకో చెప్త.

ఆ ఐదు హార్స్‌పవర్ కిర్లోస్కర్ ఇంజన్ మీ తాత కొన్నది. 1970లో సిరిసిల్లల కరెంటు సహకార సంఘం 'సెస్' మొదలై, ఊర్లకు కరెంటు వచ్చేకొద్దీ బావులల్ల మోటర్లు దిగినయి, ఆయిల్ ఇంజన్లు మూలకు పడ్డయి. మనదాన్ని ఆపిననాడు సైలెన్సర్ మీద డబ్బా బోర్లించడం మరిచినం. వాననీళ్లు ఆ గొట్టంలకెళ్లి దిగి, తెరుచుకున్న వాల్వు దాటి సిలిండర్లకు చేరినయి. రింగులకు, లైనర్‌కు నడుమ తుప్పు పట్టింది. ఏ ఇంజనైనా తడికి పడి ఉంటే ఇట్లనే పట్టేస్తది.

నీ వయసుల నేనూ సమ్మెట ఎత్తిన. దీనికి ముందటి ఇంజన్ అది. ఎండాకాలం, మడి నెర్రెలు బారుతున్నది. ఫ్లైవీల్ మీద కొడితే మొదటి దెబ్బకు గంట మోగినట్టు మోగింది. రెండో దెబ్బకు చప్పుడు చచ్చిపోయింది. చూస్తే వెంట్రుక మందం గీత. అది బీడు బిడ్డా, వంగదు, పగుల్తది. మీ తాత వచ్చి వేలితోని ఆ గీతను తడిమిండు. తిట్టలే. "ఎందుకు పట్టేసిందో చూసినవారా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఆ యేడు ఆ మడి పండలే.

పట్టేసిన ఇంజన్‌కు మొదలు నాజిల్ విప్పాలె. ఆ రంధ్రంలకెళ్లి డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి పోసి, వారం నాననియ్యాలె. ఇంకితే మళ్ల పోయాలె. అప్పుడు ఫ్లైవీల్‌ను ముందుకు వెనుకకు ఊపాలె, ఒక్కదిక్కే గుంజొద్దు. గోరంత కదిలినా చాలు, మళ్ల నాననియ్యి. సాఫీగ తిరిగినంక కూడ, పోసిన నూనె బయటికి పోయేదాక నాజిల్ బిగించకు. పిస్టన్ మీద నూనె నిలిచి ఉంటే అది గాలి లెక్క అణగదు, బలంగ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతది. అడుగున పల్చబడ్డ ఆయిల్ తీసి కొత్తది పోసినంకనే స్టార్ట్ చెయ్యాలె.

ఇదంత ఇంజన్ కోసమే రాస్తలేను. పంపకాలైనప్పటి నుంచి మీ అన్నకు, నీకు మాట పట్టేసింది. వచ్చే నెల పెద్దమనుషుల ముందట కూసోబెట్టి నిలదీస్త అన్నవు. అది కూడ సమ్మెటనే. వాడు ఓడుతడు కావచ్చు, కానీ పగిలినంక అతికేది కాదు. వాని మనసుల ఏ మాట దిగి తుప్పు పట్టిందో ఒక్కసారన్న అడిగినవా? ఇంటికి పో. పిల్లలు ఎట్ల చదువుతున్నరో అడుగు, చాయ తాగి రా. భూమి ముచ్చట తియ్యకు. మళ్ల వారం మళ్ల పో. ఓపిక పట్టడమంటే ఓడిపోవడం కాదు బిడ్డా. పనికొచ్చేదాన్ని పాడు చెయ్యకుండ ఉండడం.

నాజిల్ విప్పి నూనె పోసిన. ఈ ఆదివారం పొద్దుగాల రా. ఫ్లైవీల్ ఊపుటందుకు ఇద్దరు కావాలె, మీ అన్నను కూడ రమ్మన్న.

ఇట్లు
మీ పెద్దబాపు